కాలేయ క్యాన్సర్‌కు పెద్ద కోత లేని చికిత్సలు

కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉందనగానే "పొట్ట కోయాలా సిస్టర్?" అని అడుగుతారు. ఆపరేషన్ కుదరదంటే ఇక ఏమీ లేదనుకొని రోగిని ఇంటికి తీసుకుపోతారు. అలా తొందరపడకండి. నేడు స్కానింగ్ తెరపై చూస్తూ గడ్డకు మాత్రమే చికిత్స చేసే పద్ధతులున్నాయి.

సూదితో చికిత్స: అల్ట్రాసౌండ్ లేక సి.టి. స్కాన్‌లో చూస్తూ చర్మం గుండా సూదిని గడ్డలోకి పంపుతారు. రేడియో తరంగాల లేక మైక్రోవేవ్ వేడికి గడ్డ మాడిపోతుంది. 3 సెంటీమీటర్లు మించని గడ్డలకు ఇది బాగా పనిచేస్తుంది.

రక్తనాళం ద్వారా చికిత్స: కాలేయానికి సుమారు 75 శాతం రక్తం పోర్టల్ సిర ద్వారా, మిగిలినది ధమని ద్వారా అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా ధమని రక్తంతోనే పెరుగుతుంది. అందుకే గజ్జ లేక మణికట్టు దగ్గర సన్నని గొట్టం పెట్టి, గడ్డకు వెళ్ళే ధమనిలో మందు వదిలి, ఆ దారి మూసివేస్తారు. దీనిని 'టేస్' అంటారు. తగిన రోగులలో ఇది ఆయుష్షు పెంచుతుందని 2002లో బార్సిలోనా, హాంగ్‌కాంగ్ వైద్యులు నిరూపించారు. కొందరికి ఇదే దారిలో ఇట్రియం-90 అనే రేడియోధార్మిక కణికలు పంపుతారు.

అందరికీ ఇవి తగవు. కాలేయం బాగా చెడి, కామెర్లు, పొట్టలో నీరు ఉన్నవారికి ప్రమాదం కావచ్చు. రక్తపరీక్షలు, స్కాన్‌లు చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు.

చికిత్సకు ముందు: రక్తం పలుచబరిచే మాత్రలు, షుగరు మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. వాటిని మీరే ఆపవద్దు.

చికిత్స తరువాత: గజ్జలో గొట్టం పెడితే కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. కొద్దిపాటి జ్వరం, నొప్పి, వాంతులు కొన్ని రోజులు ఉండవచ్చు. చలితో జ్వరం, నల్లని విరేచనం, కళ్ళు పచ్చబడడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

ఈ చికిత్సల ఫలితం గడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఎక్కువ. కానీ చిన్న గడ్డ నొప్పి పుట్టించదు. కాబట్టి సిర్రోసిస్ ఉన్నవారు ప్రతి 6 నెలలకు అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. హెపటైటిస్-బి ఉన్నవారు తమకు ఎప్పటినుండి అవసరమో డాక్టరును అడగాలి. కామెర్లకు పసరు మందులతో కాలం గడపవద్దు. సారా, బ్రాందీ మానండి. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు హెపటైటిస్-బి టీకా వేయించండి.

మీ ఇంట్లో కాలేయ జబ్బు ఉన్నవారి చివరి స్కాన్ తేదీ ఈ రోజే చూడండి. 6 నెలలు దాటితే ఆలస్యం చేయవద్దు.