నీ ఫోన్‌లో మూలుగుతున్న ఐడియాల గురించి

చిరంజీవి బుజ్జికి,

నీ మెసేజ్ చదివాను. జవాబు ఫోన్‌లో కొట్టడం నావల్ల కాదని నీకు తెలుసు కదా. నేనొకటి కొడితే ఆ కీబోర్డు ఇంకోటి తెచ్చి పెడుతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపమని మీ తమ్ముడి చేతికిస్తున్నాను. అక్షరాలు అలికినట్టుంటే వాణ్ణే తిట్టు.

ఫోన్ నిండా ఐడియాలున్నాయన్నావు. బస్సులో తళుక్కుమన్నది హాస్టల్ మెట్లెక్కేసరికి చప్పబడిపోతోందట. నాలుగు కథలు మొదలుపెడితే నాలుగూ మొదటి పేజీ దగ్గరే ఆగాయట. దాని కిందే, పొద్దున లేచి ఆఫీసుకెళ్లి రావడం తప్ప ఈ బతుక్కి అర్థమేంటి పెద్దనాయనా అని ఇంకో ప్రశ్న. ఇవి రెండు వేర్వేరు కష్టాలన్నట్టు రాశావు. నాకు మాత్రం ఒక్కటే కనిపిస్తోంది బిడ్డా. ఎందుకో చెబుతా, కొంచెం ఓపికగా చదువు.

ముందు ఆ జారిపోయే ఐడియాల సంగతి. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినన్నాళ్లూ, నాడీవ్యవస్థ పాఠం వచ్చినప్పుడల్లా సిలబస్ పక్కనపెట్టి ఒకాయన కథ చెప్పేవాణ్ణి. ఆస్ట్రియాలో గ్రాట్జ్ అనే ఊళ్లో ఒట్టో లోవి అని ఒక ప్రొఫెసర్. ఒంట్లో నాడి చివరి నుంచి గుండెకు కబురు ఎలా చేరుతుంది, కరెంటులా పాకుతుందా, లేక ఏదైనా రసాయనం మోసుకెళ్తుందా అన్నది అప్పట్లో తేలని తగవు. 1920లో ఈస్టర్ ముందు రాత్రి ఆయనకు నిద్రలో దాన్ని తేల్చే ప్రయోగం తోచింది. లేచి దీపం వేసి, చేతికందిన కాగితం ముక్క మీద గబగబా గీకి మళ్లీ పడుకున్నాడు. తెల్లారి చూసుకుంటే తన రాత తనకే అంతుపట్టలేదు! ఆ రోజంతా ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. మర్నాటి రాత్రి మూడింటికి అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా తిన్నగా లాబ్‌కు పోయాడు. రెండు కప్పల గుండెలు తీసుకుని, ఒకదాని నాడిని ప్రేరేపించాడు. గుండె నెమ్మదించింది. దాన్ని ఉంచిన ద్రవం తీసి రెండో గుండెకు పెడితే, నాడి తగలకుండానే అదీ నెమ్మదించింది. కబురు మోసింది రసాయనమేనని తేలిపోయింది. 1936లో నోబెల్ ఇచ్చారు.

కాగితం ముక్క దగ్గర పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. వాళ్లు వినకుండా వదిలేసే భాగం ఒకటుంది, అదే నాకిష్టం. ఆ అనుమానం లోవికి మొదట వచ్చింది 1903లో. పరీక్షించే దారి కనబడక పక్కన పెట్టేశాడు. పదిహేడేళ్లు గడిచాయి. కప్ప గుండెల అమరిక కూడా ఆ రాత్రి కొత్తగా పుట్టింది కాదు, రెండేళ్ల కిందట వేరే ప్రయోగానికి ఆయన వాడిందే. అంటే ప్రశ్న ఎప్పుడో లోపల దిగింది, పనిముట్టు చేతికి అలవాటై ఉంది. ఈ రెండూ కలిసింది మాత్రం ఆ నిద్రలో. ఇవేవీ లేనివాడికి ఆ కల వచ్చినా పొద్దున కాఫీతో పాటు కరిగిపోయేది. మొదటి రాత్రి పోయినా రెండో రాత్రి తిరిగొచ్చిందంటే కారణం అదే.

కాబట్టి రాసుకోవడం మానకు, కానీ ఆ రాసే పద్ధతి మార్చు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్ తీసి చూపించావు, ‘తలుపు, వాన, అప్పు’ అని. ఏంటిది అనడిగితే నీకే తెలియలేదు. అట్లా మూడు మాటలు రాస్తే ఆ రోజు వాన కురిసిందని తప్ప ఏమీ మిగలదు. ఎక్కడున్నావో రాయి, ఎవరు ఏ మాటన్నారో అన్నది అన్నట్టు రాయి, ఏది చూస్తే అది తట్టిందో రాయి. ఐదారు వాక్యాలు, అంతే. ఐడియా చచ్చిపోయినా అది పుట్టిన చోటు ఉంటుంది కాబట్టి మళ్లీ అక్కడికి పోవచ్చు. ఇక రాసుకోకముందే పోయినవాటి గురించి బెంగపెట్టుకోకు. వాటిలో చాలావరకు పోదగ్గవే.

ఇప్పుడు ఇంటి సంగతికొస్తా. మీ నాయనమ్మ కుడి భుజం చివరి రోజుల్లో పైకి లేచేది కాదు, నీకు గుర్తుందో లేదో. జడ కూడా మీ పెద్దమ్మే వేసేది. అది ఆసు పోసి పోసి అరిగిన భుజం. నువ్వు పుట్టేనాటికి మనింట్లో మగ్గం తీసేశారు, అందుకే ఆసు ఎట్లా ఉంటుందో చెబుతున్నా. చిటికి చీరకు రంగు అద్దే ముందు పేకనూలును కొలత ప్రకారం సర్దాలి. ఇటు ఒక మేకు, అటు అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. చేత్తో దారం పట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ఒక్క పోగు తప్పిపోకుండా చుట్టాలి. ఒక పోగు తప్పితే చీర మీద పువ్వు రెక్క వంకరపోతుంది. అది అయ్యాకే గుర్తులు పెట్టడం, సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కట్టడం, రంగులో ముంచడం. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని, అదీ ఆడవాళ్ల పని, కూలి లెక్కలోకి రాని పని. కళ్లు, భుజాలు, మోచేతులు, అన్నీ పోతాయి. మా ఇంట్లో అందరం చూశాం. అమ్మకు జండూబామ్ రాశాం, పాపం అనుకున్నాం, అన్నం తిని బడికి పోయాం.

ఆలేరు దగ్గర ఇంకో ఇంట్లో చింతకింది మల్లేశం కూడా ఇదే చూశాడు. ఆయన చదువు ఆరో తరగతి దగ్గరే ఆగింది. వాళ్లమ్మ లక్ష్మి పడే నొప్పి మాత్రం ఆయనకు తెగని ప్రశ్నయి కూర్చుంది. ఈ చెయ్యి చేసే పని యంత్రం చెయ్యలేదా? ఇంజనీరింగ్ తెలియదు, డబ్బు లేదు, చూసినవాళ్లంతా పనిలేని పని అన్నారు. 1992లో మొదలుపెట్టాడు. ఒక కదలిక కుదిరితే ఇంకోటి కుదరదు. కూలికి పోయి నాలుగు రూపాయలు వెనకేయడం, వాటితో ఒక భాగం చేయించడం, అది పనికిరాక పక్కన పడెయ్యడం. చివరి చిక్కు విడిపోయింది 1999లో, హైదరాబాద్ బాలానగర్‌లో ఏదో పని మీద ఉండగా అక్కడ ఒక యంత్రం కదిలే తీరు చూసి. అక్కడితో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా కూడా వచ్చింది, నువ్వు చూసే ఉంటావు.

సినిమాలో ఎట్లా చూపించారన్నది వదిలెయ్. నాకు ఎప్పుడూ తోచేదేంటంటే, బాలానగర్‌లో ఆ యంత్రాన్ని రోజూ ఎంతమంది చూసి ఉంటారు! నడిపేవాళ్లు, రిపేరు చేసేవాళ్లు, పక్కనే టీ తాగేవాళ్లు. వాళ్లెవరికీ అందులో ఆసు కనబడలేదు. ఎందుకు కనబడుతుంది? వాళ్లింట్లో అమ్మ భుజం నొప్పి లేదు. ఉన్న మా ఇంట్లోనూ అది ప్రశ్నగా మారలేదు. ఐడియాలు అందరికీ వస్తాయి బిడ్డా, ఉచితంగా వస్తాయి. ఏళ్ల తరబడి వదలకుండా సలిపేది ఏదైనా లోపల ఉన్నవాడి దగ్గరే అవి ఆగుతాయి. నీ దగ్గర ఐడియాలకు కొదవ లేదు, అవి వచ్చి ఆగే చోటే లేదు. బతుక్కి అర్థమేంటన్న రెండో ప్రశ్న కూడా నాకు ఇక్కడే తగులుతోంది. అర్థం అనేది ఎక్కడో దాచిపెట్టి ఉంటే మనం పోయి తవ్వి తెచ్చుకునేది కాదనుకుంటా. మల్లేశాన్ని 1995లో ఎవరైనా ఆపి నీ జీవితానికి అర్థమేంటి అని అడిగి ఉంటే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, ఆ యంత్రంలో సగం కుదిరిన భాగం దగ్గరికి పోయేవాడేమో. ఇది నా ఊహ, ఆయన అన్న మాట కాదు.

నాకు అట్లాంటిది లేదు అంటావని తెలుసు. ఉంది. నేను గమనించాను.

నువ్వు ఎన్ని ఐడియాలు చెప్పావో నాకు లెక్క లేదు. చందమామ మీద కిరాణా కొట్టు, మాట్లాడే మెట్రో స్టేషను, ఇంకా ఏవేవో. ఒక్కొక్కటి ఒక్కసారే చెప్పావు, మళ్లీ ఎత్తలేదు. కానీ మీ హాస్టల్లో వంట చేసే ఆవిడ గురించి దసరాకూ చెప్పావు, మీ అక్క పెళ్లిలో అందరూ ఫొటోలు దిగుతుంటే నా పక్కన కూర్చుని మళ్లీ చెప్పావు. పిల్లల్ని ఊళ్లో తల్లి దగ్గర వదిలి వచ్చిందనీ, సాయంత్రం చపాతీలు ఒత్తేటప్పుడు ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి వీడియోలో చిన్నదాని చేత ఎక్కాలు చెప్పించుకుంటుందనీ. ఏడో ఎక్కం దగ్గర ఆ పిల్ల ఆగిపోతే ఈవిడ చేతిలో అప్పడాల కర్ర కూడా ఆగిపోతుందన్నావు. అది నువ్వు ఐడియా అనుకోలేదు కాబట్టి నోట్స్‌లో రాసుకోలేదు. మంచిదే అయింది, రాసుంటే ‘కర్ర, ఫోన్, ఎక్కం’ అని రాసేదానివి.

దాంతో ఏం చెయ్యాలో నాకు తెలియదు. కథ అవుతుందో, బొమ్మలతో నువ్వు చేసే చిన్న సినిమా అవుతుందో, లేక ఆ పిల్లకు ఎక్కాలు నేర్పడానికి పనికొచ్చే ఇంకేదైనా అవుతుందో. నువ్వు చేసే ఉద్యోగం బొమ్మలకు ప్రాణం పోసేదే కదా, నీ చేతికి అలవాటైన పనిముట్టు అది. ముందు ఆవిడతో కూర్చుని మాట్లాడు. ఆవిడ కష్టాన్ని ఆవిడకు చెప్పకుండా వాడుకోకు. ఉల్లిపాయలు తరిగిపెడుతూ మాట్లాడితే ఇంకా మంచిది, చేతులు పనిలో ఉంటే మనుషులు నిజాలు చెబుతారు.

నువ్వు ఆన్‌లైన్‌లో పెట్టిన కథను పట్టుమని పదిమంది కూడా చదవలేదని కూడా రాశావు. అన్నమయ్య సంగతి చెబుతా. ఆయన పదహారో ఏట మొదలుపెట్టి, 1503లో పోయేదాకా రోజుకు ఒక సంకీర్తనకు తగ్గకుండా కట్టాడని చెబుతారు. మొత్తం 32,000 అంటారు. దొరికినవి అందులో సగం కూడా లేవు. కొడుకు పెద తిరుమలాచార్యులు పూనుకుని రాగిరేకుల మీద చెక్కించబట్టి అవైనా మిగిలాయి. తర్వాత తిరుమల గుళ్లో ఒక అరలో శతాబ్దాల పాటు పడి ఉన్నాయి. 1922లో బయటపడితే, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు కూర్చుని పరిష్కరించారు. నీ కథ కూడా ఏనాటికో బయటపడుతుందిలే అని ఓదార్చడానికి ఇది చెప్పట్లేదు. ఆ ఓదార్పు ఉత్తదే, ఎక్కువ శాతం రేకులు రేకుల్లానే పోతాయి. నాకు నచ్చేది రోజుకొకటి అన్న ఆ పట్టుదల. రోజూ కట్టినవాటిలో అన్నీ ఆణిముత్యాలు అయ్యుండవు, అది ఆయనకూ తెలిసే ఉంటుంది. మంచి పాట వచ్చేదాకా ఆగుదాం అనుకుని ఉంటే, మంచివి కూడా వచ్చేవి కావు. నువ్వు రోజుకొకటి రాయక్కర్లేదు. వారంలో ఒక పూట చాలు, అదే రోజు, అదే వేళ, ఏమీ తోచకపోయినా కూర్చోవాలి.

లోవి దగ్గరికి ఇంకోసారి వస్తా. ఈ భాగం నేను పిల్లలకు చెప్పలేదు, వాళ్ల వయసుకు బరువని. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్న రాత్రి, యూదుడని ఆయన్ను అరవై నాలుగేళ్ల వయసులో మంచం మీంచి లేపి జైల్లో వేశారు. చంపేస్తారనే అనుకున్నాడు. ఆ నిద్రలేని రాత్రుల్లో ఆయన్ను తొలిచింది ఏంటంటే, చివరగా చేసిన ప్రయోగాల ఫలితాలు అచ్చు కాకముందే పోతానేమో అని. కాపలావాళ్లను బతిమాలితే ఎన్నోసారికో ఒకడు పోస్టుకార్డు, కలం ఇచ్చాడు. ఫలితాలు ఆ కార్డు మీద రాసి ఒక సైన్స్ పత్రికకు పోస్టు చేయించాడు. అప్పుడు ప్రాణం ఎంత కుదుటపడిందో మాటల్లో చెప్పలేనని తర్వాత ఆయనే రాసుకున్నాడు. తర్వాత వదిలిపెట్టారు కానీ, నోబెల్ డబ్బు లాక్కున్నాకే. ఇది చదివినప్పుడల్లా ఆ కార్డు మీద నేనైతే ఏం రాసేవాణ్ణా అనుకుంటా. నాకు వెంటనే జవాబు తట్టదు, ఈ వయసులో కూడా. నువ్వు పాతికేళ్లకే తట్టలేదని కంగారుపడుతున్నావు.

ఉద్యోగం మానేస్తానని మీ నాన్నతో అన్నావట. మానకు. మల్లేశం కూలికి పోతూనే చేశాడు. జీతం వస్తుంటే, ఐడియాను ఈ నెలలోనే డబ్బు చేసిపెట్టు అని నువ్వు పీడించవు. ఇంట్లో గొడవ లేకుండా ఉంటే నిద్ర కూడా పడుతుంది, కలలు రావడానికైనా నిద్ర కావాలి కదా.

ఉగాదికి వస్తానన్నావు. వచ్చేటప్పుడు ఆ వంటావిడ గురించి నాలుగు పేజీలు రాసి తీసుకురా, ఫోన్‌లో వద్దు, కాగితం మీద. నేను చదివితే అక్షరదోషాలు దిద్దుతా, అంతకు మించి నాకు తెలియదు. మీ పెద్దమ్మకు చదివి వినిపించు. సీరియల్ మధ్యలో ఆపి విన్నదంటే బాగున్నట్టు. బాగోలేకపోతే ఆమె మొహమాటపడదని నీకు తెలుసు.

ఆశీస్సులతో,
పెద్దనాయన