పగటి అన్నం మానకు, సిరీ

చల్లపల్లి

సిరీ,

మొన్న పెళ్లిలో ఎవరో "ఒళ్లు చేశావే" అన్నారని పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం అన్నం రెండూ మానేశావట, మీ అమ్మ చెప్పింది. రాత్రి ఆఫీసు నుంచి వస్తూ విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బండి మీద ఫ్రైడ్ రైసో నూడుల్సో తిని హాస్టలుకి పోతున్నావట. అంటే ఇంటి తిండి మాని బండి తిండి ఉంచుకున్నావు. నీ బరువుకన్నా నాకు దీనికే భయంగా ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో వేసిన లెక్క చెబుతాను, విను. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2,110 కేలరీలు కావాలి. అదే పని చేసే ఆడమనిషికి 1,660 చాలు. ఇనుము దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మగవాడికి 19 మిల్లీగ్రాములు, మనకి 29. నెలనెలా పోయే రక్తాన్ని శరీరం మళ్లీ తయారుచేసుకోవాలి కదా. కాబట్టి మనం తినేది తక్కువైనా అందులో సారం ఎక్కువుండాలి. ఆడపిల్ల తిండి విషయంలో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి నాకు కనపడదు.

ఇప్పుడు నీ రాత్రి ప్లేటు చూడు. తెల్లన్నం, నూనె, సాసు, టేస్టింగ్ సాల్టు, పేరుకి నాలుగు క్యాబేజీ ముక్కలు. ఒక పెద్ద చెంచా నూనె అంటేనే 120 కేలరీలు. బండి మీద చెంచాతో కాదు, గరిటెతో పోస్తారు. మంచూరియా అయితే మైదాలో ముంచి నూనెలో వేయించి, మళ్లీ నూనెలోనే తిప్పుతారు. పక్కన కూల్ డ్రింకు ఉంటే చిన్న సీసాలోనే ఆరు చెంచాల చక్కెర. నీకు కావలసిన 1,660లో సగం అక్కడే అయిపోతుంది, ఇనుము మాత్రం దాదాపు ఏమీ రాదు. పగలంతా కడుపు మాడ్చుకుని వెళ్తావు కనక ఒక ప్లేటుతో ఆగవు కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతం మంది బరువు ఎక్కువున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 24 శాతం. అదే సర్వేలో మనవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఒళ్లొస్తోంది, రక్తం రావడం లేదు. నాకు దిగులు కలిగించేది ఇదే.

అమెరికాలో మూడువేల మంది యువతీయువకులను పదిహేనేళ్లు గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. వారానికి రెండుసార్లకు మించి ఫాస్ట్‌ఫుడ్‌కి వెళ్లినవాళ్లు, వారానికి ఒక్కసారి కూడా వెళ్లనివాళ్లకన్నా నాలుగున్నర కిలోలు ఎక్కువ పెరిగారు. కొంచెం కొంచెంగా పెరిగే బరువు కనక ఏ ఏడాదికా ఏడాది తెలియదు.

అలాగని నేరమంతా బండిదే అనను. మన దివిసీమ ఇళ్లలో కంచం నిండా తెల్లన్నం, కూర నంజుకోవడానికి. చేపల పులుసు వండిననాడు ముక్కలు మగవాళ్లకీ పిల్లలకీ వెళ్తాయి. చివర కూర్చున్న ఆడవాళ్లకి పులుసు మిగులుతుంది. ఆకలి తీరాలి కనక ఇంకో రెండు ముద్దలు అన్నం ఎక్కువ తింటారు. మీ అమ్మ ఇప్పటికీ అంతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, కంచంలో సగం కూరగాయలు, పళ్లు ఉండాలంటోంది. మన ఇళ్లలో ఎవరి కంచం అలా ఉంది చెప్పు!

నువ్వు రేపటినుంచి పొద్దున రెండు పెసరట్లు తిను. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం తగ్గించి పప్పు, తోటకూరో గోంగూరో ఎక్కువ పెట్టుకో. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగకు, అది ఇనుముని ఒంటబట్టనివ్వదు. సాయంత్రానికి వేయించిన శనగలు బ్యాగులో ఉంచుకుంటే, బండి దగ్గరికొచ్చేసరికి అంత ఆకలి ఉండదు. స్నేహితులతో వెళ్లిన రోజు తిను, దానికి మర్నాడు ఉపవాసం చెయ్యకు.

నెలసరి సరిగ్గా రావడం లేదన్నావు. బరువుతో వచ్చిన ఇబ్బందే అయితే, ఉన్న బరువులో ఐదు శాతం తగ్గినా చాలామందికి మళ్లీ దారిన పడుతుంది. డెబ్బై కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు. పెళ్లిలో మాటన్నవాళ్ల కోసం పదిహేను కిలోలు తగ్గాల్సిన పని లేదు. ముందు డాక్టరమ్మకి చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించు. కాగితాలు ఫోటో తీసి నాకు పంపు. శనివారం అవనిగడ్డ బస్సులో వచ్చెయ్. కరివేపాకు కారం, మునగాకు పొడి సీసాల్లో పోసి ఉంచుతాను.

ఇట్లు,
పెద్దమ్మ