దేవుడితో గొడవపడితే భక్తి తగ్గుతుందా?



ఈ వారం వీడియోలో టైం చాలక వదిలేసిన మాట ఒకటుంది. అది ఇక్కడ చెప్తాను.

రెండేళ్ల కిందట నాన్న పోయారు. హైదరాబాద్‌లో నా రూంలో దీపం పెట్టడం మానేశాను. "ఇన్ని పూజలు చేస్తే ఇదా?" అనిపించింది. అలా అనుకున్నందుకు మళ్లీ భయం, పాపమేమోనని. ఆ మాట గుడివాడ వెళ్లినప్పుడు అమ్మమ్మకి చెప్పాను.

అమ్మమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. తాటిచెట్టంత అల వచ్చిందని ఇప్పటికీ చెప్తారక్కడ. వేలమంది పోయారు. వాళ్లలో అమ్మమ్మ తమ్ముడూ ఉన్నాడు. తర్వాత మూడేళ్లు ఆవిడ దేవుడి గూడు తలుపు తీయలేదట. కానీ రోజూ సాయంత్రం ఆ మూసిన తలుపు ముందే కూర్చుని "ఆ రాత్రి ఎక్కడున్నావయ్యా?" అని అడిగేదట.

"మరి నమ్మకం పోలేదా అమ్మమ్మా?"

"లేనోణ్ణి ఎవరన్నా అడుగుతార్రా?" అంది.

ఆ సీమలోనే సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఇలాగే అడిగిన ఒక కవి ఉన్నాడు. పెదప్రోలు వాడైన కాసుల పురుషోత్తమ కవి. కృష్ణ ఒడ్డున ఘంటసాల దగ్గరున్న శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కొలువై ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించి 'ఆముక్తమాల్యద' రాయమన్నది ఈ స్వామే. అలాంటి గుడి పాడుబడి, పూజల్లేకుండా ఉండటం చూసి కవి కడుపు మండిందని చెప్తారు. అప్పుడు ఆయన రాసిందే 'ఆంధ్రనాయక శతకం'. అందులో స్వామినే ఎత్తిపొడుస్తాడు. భారం మోసేది భూదేవి, సంపద ఇచ్చేది లక్ష్మి, పాపాలు కడిగేది కూతురు గంగ, పేరు మాత్రం నీకా అని నిలదీస్తాడు. తిట్టే ప్రతి మాటలోనూ ఆయన మహిమే ఉంది చూడండి. దీన్నే నిందాస్తుతి అంటారు. ఆ పద్యాల వల్లే చల్లపల్లి జమీందారు గుడి బాగుచేయించారని కూడా చెప్తారు.

భద్రాచల రామదాసు కూడా అంతే. చెరసాల బాధలో రాముణ్ణి నిష్ఠూరాలాడాడు, అదే నోటితో క్షమించమన్నాడు.

బందరులో నాతో చదివిన క్రైస్తవ మిత్రుడు ఈ మాట వినగానే యోబు కథ చెప్పాడు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దేవుణ్ణే నిలదీస్తాడు. స్నేహితులేమో దేవుడి తరఫున వాదిస్తారు. చివరికి దేవుడు మెచ్చింది యోబు మాటనే, ఆ స్నేహితుల్ని కాదు. దారులు వేరైనా అనుభవం ఒకటే కదా!

గమనించండి, గొడవ కూడా బంధమే. భక్తికి అసలు ప్రమాదం కోపంతో కాదు, పట్టనట్టు ఉండటంతోనే. కోపం వచ్చినవాడు ఇంకా ఆయన వైపే తిరిగి ఉన్నాడు.

అయితే ఒక్క జాగ్రత్త. అడగడం వేరు, అడిగి లేచి వెళ్లిపోవడం వేరు. అమ్మమ్మ అక్కడే కూర్చుంది.

"జవాబు వచ్చిందా?" అని అడిగాను.

"రాలేదు. కానీ అడిగేటప్పుడు నేనొక్కదాన్నే లేనని తెలిసింది. మర్నాడు తలుపు తీశాను."

ఈ వారం సాధన ఇదే. రోజూ ఐదు నిమిషాలు దీపం ముందు కూర్చోండి. శ్లోకం రాకపోయినా పర్లేదు. మనసులో ఉన్న ఫిర్యాదు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పాక రెండు నిమిషాలు ఊరికే ఉండండి.

నేనూ మళ్లీ దీపం పెడుతున్నాను. నాన్న గురించి రోజూ అడుగుతూనే ఉన్నాను.

శుభం భూయాత్.