స్టార్టరులోని రిలేను తప్పించరాదు

త్రిపురారం ప్రాంతమున సాగరు ఎడమ కాలువ నీరందని పొలములకు బోరు మోటారే ఆధారము. స్టార్టరులోని రిలే మాటిమాటికి మోటారును ఆపుచున్నచో, దానిని తప్పించి తీగ కలపరాదు. ఒక ఫేజు పోయినపుడు మిగిలిన రెండింటిలో కరెంటు పెరిగి వైండింగు కాలిపోవును. అట్టి సమయమున రిలేలోని రెండు లోహముల పట్టీ వేడికి వంగి మోటారును ఆపును.

ముందు మెయిను స్విచ్చి ఆపి, ఫ్యూజులు తీసి, స్టార్టరులో వదులైన తీగలను బిగింపవలెను. మెయినుకు పైనున్న తీగలలో కరెంటుండును, తాకరాదు. డి.ఓ.ఎల్. స్టార్టరైనచో రిలే ముల్లును మోటారు పలకపైనున్న ఆంపియర్ల అంకెకు త్రిప్పవలెను, పలకపై 7.5 అని యున్నచో 7.5 వద్దనే నిలుపవలెను, పెంచరాదు. రెండు మూడు నిమిషములు చల్లారనిచ్చి మీట నొక్కవలెను. మరల ఆగినచో మూడు ఫేజులను మెకానిక్కుచే చూపింపవలెను. రిలే చెడినచో క్రొత్తది వేయించుడు. మోటారు చుట్టించు ఖర్చు ముందు దాని వెల స్వల్పమే.