పట్టాలు లేని రైలుకట్ట

ప్రవేశిక

మనుషులు, పశువులు నడవగా నడవగా అడవిలో కాలిబాట పడుతుంది. అడవిని నరికి మోసుకుపోవడానికే వేసిన బాటలు కూడా ఉంటాయి. అటువంటి బాట ఒకటి నేడు ఆ అడవిని చూడవచ్చే వారికి నడకదారి అయింది. ఆ దారి కథ ఈ పాఠంలో చదువుదాం.

పాఠం

అమెరికా సంయుక్త రాష్ట్రాల పటం తీసి చూడండి. ఆగ్నేయ మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయినట్లు కనిపించే ద్వీపకల్పమే ఫ్లోరిడా. దాని దక్షిణ భాగం 26 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా ఉంది. మన పాట్నా నగరం కూడా ఇంచుమించు ఆ అక్షాంశం మీదే ఉంది. అయితే మూడు వైపులా సముద్రం ఉండడం వల్ల అక్కడ చలి తక్కువ, తేమ ఎక్కువ. జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు, నవంబరు నుంచి మే వరకు పొడి రోజులు. దీనినే ఉపోష్ణ మండల శీతోష్ణస్థితి అంటారు. ఇక్కడే ఫకహాచీ స్ట్రాండ్ అనే చిత్తడి అడవి ఉంది. అక్కడి ఆదివాసుల భాషలో 'హాచీ' అంటే ఏరు.

ఏరు అన్నారు గాని దానికి ఒడ్డులు కనబడవు. నేల కింద ఉన్న సున్నపురాయి వేల ఏళ్లుగా నీటికి కరిగి పొడవైన పల్లంగా మారింది. ఆకులు, కొమ్మలు కుళ్లి ఆ పల్లంలో నల్లని మెత్తటి మట్టిగా పేరుకున్నాయి. వానాకాలంలో నీరు ఆ పల్లం వెంట దక్షిణంగా సముద్రం వైపు సాగుతుంది. సాగుతోందని కంటికి తెలియనంత నెమ్మదిగా సాగుతుంది. సుమారు ముప్పై కిలోమీటర్ల పొడవు, కొన్ని కిలోమీటర్ల వెడల్పు గల ఈ నీటిపాయ నిండా చెట్లే.

యానాంలోని పిల్లలు దగ్గరలోని కోరంగి మడ అడవిని చూసి ఉంటారు. తమిళనాడులోని వారికి పిచ్చావరం, ఒడిశాలోని వారికి భితరకనిక తెలిసి ఉంటాయి. అవి సముద్రపు పోటుపాటుల మీద ఆధారపడే ఉప్పునీటి అడవులు. ఫకహాచీది మంచినీరు. దానికి దగ్గరి పోలిక కావాలంటే కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాకు వెళ్లాలి. అక్కడ సిద్దాపుర ప్రాంతపు లోయల్లో అడవి జాజికాయ చెట్లు మంచినీటి చిత్తడిలో పెరుగుతాయి. వాటి వేళ్లు మడిచిన మోకాళ్ల వలె నేలపైకి లేచి ఉంటాయి. ఫకహాచీలోని సైప్రస్ చెట్టుకూ ఇటువంటి 'మోకాళ్లే' ఉన్నాయి. అవి ఎందుకు లేస్తాయో శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వేళ్లకు గాలి అందించడానికని కొందరు, మెత్తని నేలలో చెట్టు ఒరిగిపోకుండా ఉండడానికని కొందరు చెబుతారు.

సైప్రస్ సూది ఆకుల చెట్టు. అటువంటి చెట్లు చాలావరకు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. ఇది మాత్రం చలికాలంలో ఆకంతా రాల్చి మోడుగా నిలబడుతుంది. వందల ఏళ్లు బతుకుతుంది. దాని చేవ నీటిలో నానినా త్వరగా పుచ్చదు. చెట్టుకు చేటు తెచ్చినది ఈ సుగుణమే. పడవలకు, నీటి తొట్లకు, పీపాలకు, ఇంటి కప్పులకు సైప్రస్ కలపను మించినది లేదని పేరు వచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని సైప్రస్ అడవులు ఒకటొకటిగా తరిగిపోయాయి. నీరు, దోమలు, పాములు అడ్డుపడినందున ఫకహాచీ మాత్రం చాలాకాలం మిగిలింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడల నిర్మాణానికి కలప కావలసి వచ్చింది. 1944లో ఇక్కడా గొడ్డలి పడింది.

నీటిలో నిలిచిన అడవిని నరకడం ఎలా? బండ్లు పోవు, పశువులు దిగబడతాయి. అందుకని కంపెనీ వారు రైలు వేశారు. పెద్ద యంత్రాలతో అడుగున ఉన్న బురదను, రాతిని తవ్వి పక్కన పోసి తిన్నని కట్ట కట్టారు. తవ్విన చోట కాలువ ఏర్పడింది. కట్ట మీద చెక్క స్లీపర్లు, వాటి మీద పట్టాలు పరిచారు. ఈ రైలుకట్టలను అక్కడివారు 'ట్రామ్' అంటారు. అడవి పొడవునా ప్రధానమైన కట్ట, దాని నుంచి చేప ముళ్ల వలె పక్కలకు పిల్ల కట్టలు.

పచ్చి సైప్రస్ దుంగ బరువుకు నీట మునిగిపోతుంది. కాబట్టి నరకడానికి కొన్ని నెలల ముందే కూలీలు నీటిలో దిగి, ప్రతి చెట్టు బోదెకు చుట్టూ లోతుగా గాటు పెట్టేవారు. చెట్టు నిలువునా ఎండి తేలికయ్యేది. బర్మాలో టేకు చెట్లకు కూడా ఇదే పద్ధతి ఉండేది. ఎండిన చెట్టును నరికాక, కట్ట మీద నిలిపిన ఆవిరి యంత్రం ఇనుప తాళ్లతో దుంగను బురదలో నుంచి ఈడ్చేది. ఆ ఈడ్పుకు దారిలోని చిన్న చెట్లు, మొక్కలు నలిగిపోయేవి. దుంగలు రైలెక్కి ఉత్తర ఫ్లోరిడాలోని పెర్రీ పట్టణంలో ఉన్న కోత మిల్లుకు చేరేవి.

ఈ పని చేసినవారిలో ఎక్కువమంది నల్లజాతి కూలీలు. నడుము లోతు నీటిలో నిలబడి పెద్ద రంపాలు లాగేవారు. చెట్టు ఎటు కూలుతుందో, ఇనుప తాడు ఎప్పుడు తెగుతుందో తెలియని పని. తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు నివాసాలు ఉండిన కాలమది. ఓడలు, కంపెనీల లెక్కలు చెప్పే పుస్తకాలు ఈ కూలీలను ఒక్క వాక్యంలో దాటివేయడం సరికాదు. అడవిని తెగనరికిన చేతులు వారివే అయినా లాభం వారిది కాదు.

సుమారు పదేళ్లలో పెద్ద చెట్లు దాదాపు అన్నీ పోయాయి. పట్టాలు పీక్కుపోయారు. కట్టలు మిగిలాయి.

ఇప్పుడు ఆ కట్ట మీద నడుద్దాం. ఒక పెద్ద ట్రామ్ నేడు మోటారు బండ్లు పోయే మట్టిరోడ్డు. జేన్స్ సీనిక్ డ్రైవ్ అని దాని పేరు. దాని పక్కనున్న గేట్ల నుంచి మిగిలిన కట్టలు అడవిలోకి పోతాయి. పొడి కాలం నడకకు అనువైనది. గడ్డి పెరిగిన కట్ట గీత గీసినట్లు తిన్నగా పోతూ ఉంటుంది. పక్కన కాలువలో తేనీరు రంగు నీరు. ఆకుల రసం దిగి ఆ రంగు వచ్చిందే గాని అది మురికి నీరు కాదు. ఎండ కాసే చోట ఎలిగేటర్ అనే మొసలి కట్టకు అడ్డంగా పడుకొని ఉండవచ్చు. అప్పుడు చేయవలసిన పని దూరంగా నిలిచి ఓపిక పట్టడమే.

కట్ట దిగి చెట్ల మధ్యకు పోతే నీరు చీలమండ దగ్గర మొదలై మోకాలు దాటుతుంది. చేత కర్ర ఉండాలి, తోడు ఉండాలి. మునిగిన మోకాటి వేళ్లు కాలికి తగులుతూ ఉంటాయి. అక్కడక్కడ పెద్ద పెద్ద మొద్దులు కనిపిస్తాయి. నరికి డెబ్బై ఏళ్లు దాటినా చేవ ఇంకా పుచ్చలేదు. వాటి మీద ఫెర్నులు, చిన్న మొక్కలు తోట వలె పెరిగాయి. మన మర్రికి దాయాది అయిన ఒక చెట్టు తాటి జాతి చెట్టును కౌగిలించి పైకి పోతుంది. కొమ్మల మీద అనాస జాతి మొక్కలు గుత్తులు గుత్తులుగా కూర్చొని ఉంటాయి. అవి మన బదనిక వంటివి కావు. చెట్టు రసాన్ని పీల్చవు. కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటాయి.

ఈ అడవికి పేరు తెచ్చినవి ఆర్కిడ్ పూలు. 44 రకాల ఆర్కిడ్లు ఇక్కడ సహజంగా పెరుగుతాయి. లోతు నీరు రాత్రి చలిని తగ్గించి వాటిని కాపాడుతుంది. వాటిలో 'దయ్యపు ఆర్కిడ్' అనే దానికి ఆకులే లేవు. చెట్టు బెరడును అంటుకున్న పచ్చని వేళ్లే దానికి ఆహారం తయారుచేస్తాయి. వేసవిలో తెల్లని పువ్వు పూసినప్పుడు గాలిలో వేలాడుతున్నట్లు ఉంటుంది. దాని కోసం దొంగలు కూడా వస్తారు.

చెట్లు నరకడం కంటె నీటిని మళ్లించడం పెద్ద దెబ్బ అని చెప్పాలి. 1960ల దశకంలో ఈ అడవికి పడమటి పక్క భూమిని ఇళ్ల స్థలాలుగా అమ్మడానికి ఒక వ్యాపార సంస్థ సుమారు 77 కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. ఇళ్లు పెద్దగా లేవలేదు. నీరు మాత్రం వేగంగా సముద్రం పాలయింది. తడి ఆరిన మట్టికి నిప్పు అంటుకొనేది. మయామి నగరపు న్యాయవాది మెల్ ఫిన్ ఫకహాచీని కాపాడాలని ఏళ్ల తరబడి పోరాడాడు. 1974లో రాష్ట్ర ప్రభుత్వం ఈ అడవిని కొన్నది. ఆ తరువాత 2000ల దశకంలో దీనికి ఆనుకొని ఉన్న కాలువను పూడ్చడం మొదలైంది. పూడ్చిన చోట నీరు మళ్లీ నెమ్మదిగా పరుచుకొంది.

రైలుకట్ట మీద మనుషులే కాదు, ఫ్లోరిడా పాంథర్ కూడా నడుస్తుంది. పేరు విని మన చిరుత అనుకోకండి. ఇది మచ్చలు లేని ప్యూమా జాతి పిల్లి. 1970ల దశకంలో ఇవి ఇరవై ముప్పైకి మించి లేవు. దగ్గరి చుట్టరికాలలోనే పిల్లలు పుట్టి జాతి బలహీనపడింది. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు. ఇటీవలి అంచనాల ప్రకారం పెద్దవి 120 నుంచి 230 వరకు ఉన్నాయి. వాటికి నేటి పెద్ద ప్రమాదం రోడ్డు మీది వాహనాలే.

పోయిన సైప్రస్‌లు తిరిగి వస్తున్నాయా? వస్తున్నాయి, కాని అన్ని చోట్లా కాదు. వాటి విత్తనం నీటి అడుగున మొలకెత్తదు. నీరు తీసిన తడి బురద కావాలి. మొలిచాక మళ్లీ నీరు పెరిగేలోగా మొక్క తల నీటిపైకి లేవాలి. వరుస తప్పిన చోట వేరే చెట్లు స్థలం ఆక్రమించాయి. అసలు పాత అడవి ఎలా ఉండేదో చూడాలంటే రెండు చోట్లకు పోవాలి. ఫకహాచీ దక్షిణపు అంచున హైవే పక్కన నరకని చిన్న తునక ఒకటి మిగిలింది. ఉత్తరాన కార్క్‌స్క్రూ చిత్తడి అడవిని 1954లో ఆడుబాన్ సొసైటీ వారు గొడ్డలి చేరకముందే రక్షించారు. అక్కడ చెక్కవంతెన మీద నడుస్తూ, వందల ఏళ్ల వయసున్న సైప్రస్‌లను తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడవలసి ఉంటుంది.

అభ్యాసం

1. నీటిలో ఉన్న అడవిలో రైలుకట్టను ఎలా వేశారు? మీ మాటల్లో రాయండి.
2. సైప్రస్ చెట్టును నరకడానికి ముందు గాటు ఎందుకు పెట్టేవారు?
3. "నరకడం కంటె నీటిని మళ్లించడం పెద్ద దెబ్బ" అని రచయిత ఎందుకు అన్నారు? మీరు అంగీకరిస్తారా?
4. మీ ఊరి దగ్గర వాడుక తప్పిన పాత రోడ్డు, కాలువ, రైలుకట్ట ఏదైనా ఉందా? దానిని ఎవరు, ఎందుకు వేశారో పెద్దలను అడిగి పది వాక్యాలు రాయండి.