కుండీ మట్టికీ ఒక పరీక్ష!

పెరటి మట్టిని కుండీలో నింపి మిరప విత్తనాలు వేశారనుకోండి. నారు మొలిచింది, వారం తిరిగేసరికి తల వాల్చింది. నీళ్లు చాలలేదేమోనని మీరు ఇంకా పోస్తారు. దానితో నారు పూర్తిగా చచ్చిపోవచ్చు!

నేలలో వేరుకు ఒకచోట ఇబ్బందైతే మరో వైపుకు పాకుతుంది. కుండీలో ఆ వీలు లేదు. కనుక విత్తనం వేయకముందే మట్టిని పరీక్షించాలి. ఇంట్లోనే చేయదగిన పరీక్షలు రెండున్నాయి.

1. గాలి ఉందా?

వేళ్లకు నీటితోపాటు ఆక్సిజన్ కూడా కావాలి. నేలలో అదనపు నీరు లోతుకు ఇంకిపోతుంది. కుండీలో కొంత నీరు అడుగునే నిలిచి, గాలికి చోటివ్వదు.

ఒక లీటరు పట్టే డబ్బా అడుగున రంధ్రాలు చేసి, బయటినుంచి టేపు అంటించండి. కొద్దిగా తడిపిన మట్టిని అంచుదాకా నింపండి. పైన నీరు తళతళలాడేవరకు మెల్లగా పోయండి. పావుగంట ఆగి, నీరు తగ్గితే మళ్లీ పోయండి. తరువాత డబ్బాను గిన్నెపై ఎత్తి ఉంచి టేపు తీయండి. గంటలో కారిన నీటిని కొలవండి. ఆ నీరు ఖాళీ చేసిన చోటులోకే గాలి వస్తుంది. 150 మి.లీ. కారితే 1000 మి.లీ.కి 15 శాతం గాలి అన్నమాట. సాధారణంగా 10 నుంచి 20 శాతం ఉంటే మంచిది. తక్కువైతే వరి ఊక వంటి ముతక పదార్థం కలిపి మళ్లీ కొలవండి.

2. ఉప్పు ఉందా?

మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగడం చూశారు కదా! ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగుతుంది. మట్టిలో లవణాలు ఎక్కువైతే వేరుకూ అదే గతి. చుట్టూ నీరున్నా అది తాగలేదు. ఉప్పునీటిలో నానిన కొబ్బరి డొక్కల పొట్టులో ఈ బెడద ఉంటుంది. అలాంటి పొట్టును కడగకుండా ట్రేలలో నింపితే రైతు నారంతా నష్టపోవచ్చు.

మూడు కుండీలు తీసుకోండి. ఒకదానిలో కడిగిన ఇసుక, రెండవదానిలో మీ మట్టి, మూడవదానిలో అదే మట్టిని గుడ్డలో వేసి నాలుగైదుసార్లు నీరు పోసి వడకట్టినది నింపండి. ఒక్కొక్కదానిలో 20 మెంతి గింజలు వేయండి. నీరు, వెలుతురు సమానంగా ఇవ్వండి. ఇసుకలో పోషకాలు లేకున్నా ఫరవాలేదు. మొదటి వారం మొలకకు గింజలోని ఆహారమే చాలు.

వారం తరువాత లెక్కించండి. ఇసుకలోనే మొలవకపోతే తప్పు గింజలది. కడగని మట్టిలో మాత్రమే మొలకలు కుంగితే లవణాలను అనుమానించండి. కడిగినా, కడగకున్నా కుంగితే సగం కుళ్లిన ఎరువో, తెగులో కారణం కావచ్చు.

భూసార పరీక్షాకేంద్రంలో లవణాలను, ఆమ్ల క్షార గుణాన్ని అంకెల్లో చెబుతారు. మీ ఇంట్లో లవణాల సంగతి మెంతి గింజ సూచిస్తుంది. ఫలితాలను తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఈసారి మొక్క వాడితే చెంబు అందుకునే ముందు మట్టిని అడగండి!