కాయకజీవి కష్టము

నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య శరణుని కాయకము. ఒకనాడాతడు కల్యాణమున అల్లమప్రభువుతో గోష్ఠిలో మునిగి పనిని మరచెను. గమనించినది భార్య లక్కమ్మ. ఆమె మాట నింద కాదు. కాయకము ఆగినదను హెచ్చరిక మాత్రమే. మారయ్య వెంటనే పనికి లేచెను.

ఈ కథను కాయకనిష్ఠకు నిదర్శనముగా చెప్పుట వాడుక. పని తప్పినవానిని ఎట్లు పలుకరింపవలెనో కూడ ఇందు కలదు.

ఉద్యోగుల సొంత కష్టములలో తోడ్పడు ఏర్పాట్లు నేడు అనేక సంస్థలలో ఉన్నవి. 1940 దశకమున అమెరికాలోని కొన్ని పెద్ద కంపెనీలు త్రాగుడుకు లోనైన కార్మికులను తొలగించుటకు మారు చికిత్సకు పంపసాగినవి. పిమ్మట అప్పులు, కుటుంబ కలహములు, మనోవ్యథలు కూడ ఈ సహాయము పరిధిలోనికి వచ్చినవి. అందొక చక్కని నియమము కలదు. పై అధికారి "నీవు త్రాగుబోతువు" అని తీర్పు చెప్పరాదు. ఆలస్యములు, గైరుహాజరు, పనిలో పొరపాట్లు, తాను చూచినంతవరకే చెప్పి సలహాదారుని వద్దకు పంపవలెను. లక్కమ్మ చేసినదియు ఇంతే కదా!

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 500 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమాధికారి ఉండవలెనని విధించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త స్మృతిలో ఆ సంఖ్య 250. అయితే ఆ అధికారికి జీతమిచ్చునది యజమానియే. కార్మికుడు తన ఇంటి గుట్టు విప్పిన పిదప ఆ మాట మేనేజరు చెవిని పడినచో, మరి ఎవ్వడును ఆ గది తలుపు తట్టడు. రహస్యము నిలుపలేని సంస్థ సలహాదారుని నియమింపకుండుటయే మేలు.

ఉత్పత్తి పెరుగునను లెక్కతో ఖర్చుచేయుట వ్యాపారము. అది తప్పు కాదు, దాసోహమును కాదు. మోయలేని పని మోపి, పిదప ఓదార్పు మాటలకు మనిషిని పెట్టుట మాత్రము ఎద్దు మెడపై కాడి దింపక పుండునకు మందు పూయుటయే.

మన ఇండ్లలో ఇట్టి బాధను పరువు పేరిట దాచుదురు. మఠమునకు వచ్చి విభూతి ధరించి మౌనముగా మరలిపోవు యువకుని స్వాములవారు ఒక్క నిమిషము నిలిపి పలుకరింపవచ్చును. సంస్థలో చెప్పుకొనుటకు జంకువారికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ కలదు. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును.